వదినా, మిలిటెంట్ అంటే తిట్టా?

లాండ్రీ వెనక, బట్టలు ఆరేసే డాబా

వదినకు,

ఉత్తరం నీ ఆఫీసు చిరునామాకు రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఫోన్ చేస్తే అన్నయ్య స్పీకరు పెట్టి, పక్కన కూర్చుని దగ్గుతూ వింటాడు. ఆ దగ్గు వినపడితే నాకు నిజం గొంతులోనే ఆగిపోతుంది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాటలకు అర్థాలు రాయడమే నీ ఉద్యోగం కాబట్టి నిన్నే అడుగుతున్నాను. మిలిటెంట్ అంటే తిట్టా, పొగడ్తా?

ఎందుకంటే ఒకే రోజున నన్ను ఇద్దరు ఆ మాట అన్నారు. పొద్దున మా ఆసుపత్రి లాండ్రీ మేనేజరు. ఆయన్ను మేము టై గారు అంటాం. ఆవిరికి గోడలే చెమటలు కక్కే చోట మెడకు టై బిగించుకుని తిరిగే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. "నీది మిలిటెంట్ ధోరణి" అన్నాడు, చచ్చిన ఎలుకను తోక పట్టుకుని ఎత్తినప్పటి మొహం పెట్టి. మధ్యాహ్నం మా యూనియన్ పెద్ద వచ్చాడు. నా భుజం తట్టి, "మన బుల్లి అసలు సిసలు మిలిటెంట్" అని ఆసుపత్రి మొత్తానికి వినపడేలా చెప్పాడు. మెడలో దండ పడడం ఒక్కటే తక్కువ. సాయంత్రం పేపర్లో చిన్న వార్త వచ్చింది, "ఆసుపత్రి లాండ్రీలో మిలిటెంట్ మహిళల వీరంగం" అని. అది ఏ ఉద్దేశంతో రాశాడో రాసినవాడికైనా తెలుసా అని అనుమానం.

అసలు జరిగింది ఇది. దుప్పట్లను ఇస్త్రీ చేసే పెద్ద రోలర్ మెషిన్ ఉంది మాకు. ఇటువైపు తడి దుప్పటి అందిస్తే అటువైపు కొత్త కాగితంలా వస్తుంది. అందించే చోట అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున ముందుకు పోతే ఆ కడ్డీకి తగిలి మెషిన్ ఆగిపోవాలి. అది మాటిమాటికీ ఆగుతోందని, పని సాగడం లేదని, మా సూపర్‌వైజరు దాన్ని ఒక గుడ్డపేలికతో పైకి కట్టేశాడు. కట్టినందుకు టై గారి దగ్గర శభాష్ కూడా అనిపించుకున్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే మా పొట్టక్క కుడిచెయ్యి దుప్పటితో పాటు లోపలికి వెళ్ళింది.

నేను గోడ దగ్గరికి పరిగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాను. లాండ్రీ అంతా ఆగింది. పొట్టక్కను పై అంతస్తుకు తీసుకుపోయిన వెంటనే సూపర్‌వైజరు మళ్ళీ స్విచ్ వెయ్యడానికి వచ్చాడు. నేను వెళ్ళి దాని కింద కూర్చున్నాను. ఆ పేలిక విప్పేదాకా లేవనన్నాను. నా పక్కన ఒకామె కూర్చుంది. కాసేపటికి అందరూ కూర్చున్నారు. మర్నాటికి ఆసుపత్రిలో ఉతికిన దుప్పటి లేదు. కొన్ని ఆపరేషన్లు వాయిదా పడ్డాయట. ఆ సంగతి మాత్రం నాకు ఇప్పటికీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. రెండో రోజు సాయంత్రం పేలిక విప్పారు, మేము లేచాం.

అంతే వదినా. ఒక్క అద్దం పగల్లేదు. గొంతు చించుకున్నది కూడా టై గారే. వీరంగం ఎక్కడుందో నేనూ వెతుకుతున్నాను.

అర్థం త్వరగా రాసి పంపు. ఈ మధ్య కాస్త తీరికగానే ఉన్నాను. అన్నయ్యకు మాత్రం చెప్పకు.

నీ ఆడపడుచు,
బుల్లి


నిఘంటువు కార్యాలయం, మూడో అంతస్తు, 'మ' అక్షరం బల్ల

మా ఆయన చెల్లెలికి,

ఇంత పొడుగు ఉత్తరం రాసి, పొట్టక్క చెయ్యి ఏమైందో రాయకుండా వదిలేశావు. ముందు అది రాయి. ఇక ఆ 'తీరిక' అన్న మాట. మాటలతో బతికే దాన్ని, నాకు అది అస్సలు నచ్చలేదు. మీ లాండ్రీలో తీరిక అన్నది ఎవరికైనా ఎప్పుడైనా దొరికిందా? నన్ను బుట్టలో వెయ్యకు.

నువ్వు అడిగిన మాట సంగతి. అది లాటిన్ వాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళకు సైనికుడిగా యుద్ధం చేసేవాడు అని అర్థం. తర్వాత దాన్ని చర్చివాళ్ళు తీసుకున్నారు, పాపంతో పోరాడే భక్తులు అనే అర్థంలో. కత్తి పోయింది, ప్రార్థన మిగిలింది. ఆ తర్వాత ఓటు హక్కు కోసం ఆడవాళ్ళు కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకు వెళ్ళినప్పుడు, పెద్దమనుషులు ఆ మాటతో వాళ్ళను తిట్టిపోశారు. వాళ్ళు దాన్నే తీసి కొప్పులో పువ్వులా పెట్టుకున్నారు. ఫ్రెంచివాళ్ళకైతే పార్టీ కరపత్రాలు పంచి, మీటింగ్ అయ్యాక కుర్చీలు సర్దేవాడు కూడా మిలిటెంటే. చివరికి తుపాకీ పట్టినవాణ్ని ఏమనాలో తోచక పేపర్లవాళ్ళు వాడికీ ఇదే తగిలించారు. ఇప్పుడు ఆ మాట రెండు వాటాల ఇల్లు లాంటిది. ముందు వాటాలో పిడికిలి ఎత్తినవాడు, వెనక వాటాలో తుపాకీ పట్టినవాడు ఉంటున్నారు. తలుపు కొట్టినవాడు ఎవరికోసం వచ్చాడన్నదే అసలు ప్రశ్న. మీ టై గారు వెనక తలుపు కొట్టాడు. మీ యూనియన్ పెద్ద ముందు తలుపు కొట్టి, తనే లోపలికి వచ్చి కూర్చున్నాడు.

మన భాషలో యూనియన్లవాళ్ళు 'సమరశీల పోరాటం' అంటారు. సమరమన్నా పోరాటమన్నా ఒకటే కదా, తడి నీళ్ళు అన్నట్టుంటుంది. కానీ మైకులో బాగా మోగుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి, తర్వాత తెలిస్తే నన్ను తిడతావు. మా నిఘంటువు పాత కూర్పులో ఈ మాటకు ఉన్నది ఒకే ఒక్క అర్థం. "మిలిటెంట్: ఉగ్రవాది." రాసింది మా పెద్దాయన, కుర్రతనంలో. ఇప్పుడాయన ఈ కార్యాలయానికి అధిపతి. తను రాసినదాంట్లో కామా మార్చమన్నా ఆస్తిలో వాటా అడిగినట్టు చూస్తాడు. అదృష్టం కొద్దీ 'మ' ఇప్పుడు నా బల్ల మీదే ఉంది.

మీ అన్నకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆయన పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతాడని నీకు తెలుసు. ఆ రోజు పేపరు మడిచి కుర్చీ కింద పెట్టి, దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. 

మీ వదిన


నా గది, మేడ మీద

వదినకు,

సరే, ఒప్పుకుంటున్నాను. తీరిక అంటే సస్పెన్షన్. ఇది మీ నిఘంటువులో లేకపోతే చేర్చుకో.

పొట్టక్క కుడిచేతి మూడు వేళ్ళు ముడుచుకోవు ఇక. అరచేయి కాలి ముద్దగా అయింది. ఆసుపత్రిలో పనిచేసేది కాబట్టి కట్టు మాత్రం చక్కగా కట్టారు. ఆమె దగ్గరికి టై గారు పళ్ళు పట్టుకుని వెళ్ళాడట. తన అజాగ్రత్త వల్లే జరిగిందని ఆమె చెబితే కూర్చుని చేసే పని ఇప్పిస్తానన్నాడట.  పొట్టక్క మామూలుగానే ఎక్కువ మాట్లాడదు. పళ్ళు పక్క మంచం ఆమెకు ఇచ్చేసిందని నర్సు చెప్పింది.

నాకూ ఒక బేరం పెట్టాడు. "నేను మిలిటెంటును కాను, ఆవేశంలో తప్పు చేశాను, క్షమించండి" అని రాసిస్తే మర్నాడే పనిలోకి రావచ్చట. రాయకపోతే విచారణ. తేలిగ్గానే ఉంది కదా అనిపించింది నిజానికి. రాయడానికి కూర్చున్నాను కూడా. అప్పుడు మా మడతల హాలు అమ్మాయి వచ్చి చెప్పింది, పేలిక మళ్ళీ కట్టారట. నేను బయటికి వెళ్ళిన మర్నాడే. ఈసారి రెండు ముళ్ళు. ఇక నా చెయ్యి సాగలేదు.

యూనియన్ పెద్దను సాయం అడిగాను. విచారణ రోజున ఆయనకు వేరే ఊళ్ళో ఇంకో సమరశీల పోరాటం ఉందట.

కాబట్టి నువ్వే నాకు దిక్కు. టై గారు విచారణలో ఆ పేపరు ముక్కను, దానితో పాటు మీ నిఘంటువునే చూపిస్తాడట. "ఉగ్రవాది" అని అచ్చులో ఉంటే నేనేం చెప్పుకోను? మీ ఆఫీసు ముద్రతో ఒక మాట రాసి పంపు. మిలిటెంట్ అంటే న్యాయం కోసం గట్టిగా నిలబడే మనిషి అని, ఇంకే అర్థమూ లేదని. నువ్వు రాసేది రెండు వాక్యాలు. నాకు అది ఉద్యోగం.

బుల్లి


నిఘంటువు కార్యాలయం, అదే బల్ల

బుల్లీ,

రాయలేను. కూర్చుని చదువు, చింపెయ్యకు.

మీ ఆసుపత్రి నీకంటే ముందుంది. మాటకు అర్థం తేల్చి చెప్పమని మా కార్యాలయానికి వాళ్ళు అప్పుడే రాశారు. 'మ' నాది కాబట్టి పెద్దాయన దాన్ని నా ముందు పెట్టాడు. నేను లేచి నిలబడి, ఆ అమ్మాయి నా ఆడపడుచు అని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అయితే మీరు దీన్ని ముట్టుకోకండి" అన్నాడు. న్యాయమే. ముట్టుకోనన్నాను. కానీ తమరి పాత అర్థం తప్పు అని కూడా అన్నాను. 

నువ్వు అడిగినట్టు ఒక్క మంచి అర్థమే ఉందని నేను రాస్తే, ఆయన ఒక్క చెడ్డ అర్థమే రాసినదానికీ నాదానికీ తేడా ఏముంటుంది? తుపాకీ పట్టినవాణ్ని కూడా జనం ఆ మాటే అంటున్నారు. అంటున్నప్పుడు రాయాల్సిందే. నచ్చిన వాటాకు దీపం పెట్టి, నచ్చని వాటాకు తాళం వేస్తే అది నిఘంటువు కాదు, మీ యూనియన్ పెద్ద ఉపన్యాసం.

ఆ రెండు అర్థాలూ ఉండాలని, నీలాంటి వాళ్ళ అర్థం ముందుండాలని పెద్దాయనతో పోట్లాడుతున్నాను. అది మాత్రం మానను. రోజూ ఆయన గది ముందు బెంచీ మీద పాత పేపర్ల కట్టతో కూర్చుంటున్నాను. ఆ మాటను ఎవరెవరు ఎలా వాడారో ఒక్కొక్కటీ తీసి చూపిస్తున్నాను. నిన్న ఆయన భోజనానికి కూడా దొడ్డిదారిన వెళ్ళాడు.

మీ అన్న ఇంట్లో మాట్లాడడం తగ్గించాడు. అసలే పొదుపరి. జనన మరణాల రిజిస్టర్ ఆఫీసులో గుమాస్తా కదా, పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ ఎదురు మాట్లాడరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది.

మీ వదిన


నా గది

వదిన గారికి,

గారు ఎందుకు పెట్టానో నీకు అర్థమవుతుందిలే, అర్థాలు నీ పనే కదా.

నేను ఇక్కడ ఉద్యోగం పోగొట్టుకుని కూర్చుంటే నువ్వు అక్కడ వాటాలూ దీపాలూ అంటున్నావు. వదినంటే వెనకేసుకొచ్చే మనిషి అనుకున్నాను, గోడ మీద పిల్లి అని తెలియలేదు. ఇది నీ పుస్తకంలో ఏ అర్థం కింద వేస్తావో వేసుకో.

ఇంకొక సంగతి. ఈ రోజు టై గారు నన్ను పిలిపించాడు. ఎన్నడూ లేంది కుర్చీ చూపించాడు. "మీ అన్నయ్య గారు పెద్దమనిషి. ఫోన్లో మాట్లాడారు. నీకు లోకం తెలియదని, ఎవరో ఎగదోస్తే చేశావని ఆయనకు తెలుసు. విచారణ రోజు ఆయనే వచ్చి నీ తరఫున క్షమాపణ చెప్పి హామీ ఇస్తానన్నారు" అన్నాడు.

నేను ఇల్లు వదిలి వచ్చి ఈ లాండ్రీలో చేరి ఇన్నేళ్ళయింది. ఊరివాళ్ళ మాసిన దుప్పట్లు ఉతకడానికా నిన్ను చదివించింది అని ఆ రోజు అడిగాడు, ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. ఒక్కసారైనా నేను ఎలా ఉంటున్నానో చూడడానికి రాలేదు. ఇప్పుడు వస్తున్నాడట, నాకు లోకం తెలియదని సాక్ష్యం చెప్పడానికి.

నీకు ఈ సంగతి ముందే తెలుసా? తెలిసి దాచావా? సూటిగా చెప్పు.

బుల్లి


ఇంటి నుంచి, వంటగది గట్టు మీద

బుల్లీ,

సూటిగానే చెబుతున్నాను. మీ అన్న ఫోన్ చేసినప్పుడు తెలియదు. చేశాక తెలిసింది. నీకు రాయలేదు, ఆయన్ను ఆపగలననుకున్నాను కాబట్టి. ఆపలేకపోయాను.

నిన్న ఇంట్లో పెద్ద గొడవ అయింది. మా పెళ్ళయ్యాక నేను గిన్నె నేలకేసి కొట్టడం ఇదే మొదలు. ఆయన ఆ గిన్నె తీసి, సొట్ట పోయిందేమో చూసి, కడిగి బోర్లించాడు. ఆ తర్వాత అన్న మాట ఇది. "దానికి ఎవరున్నారు? ఆ ఉద్యోగం పోతే ఎక్కడికి పోతుంది? ఇక్కడికి రాదు. నా మీద కోపం. నాలుగు మాటలు నేను పడితే దాని కూడు దానికి ఉంటుంది."  ఆయన చేస్తున్నది తప్పే. ఆ తప్పు నీ మీద ప్రేమతో చేస్తున్నాడంటే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మా పెద్దాయన మీ ఆసుపత్రికి జవాబు పంపేశాడు. నేను ముట్టుకోలేదు, ముట్టుకోకుండానే ఆయన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. రెండు అర్థాలూ రాశాడు. మొదటిది, ఒక లక్ష్యం కోసం వెనక్కి తగ్గకుండా, తీవ్రంగా పోరాడే వ్యక్తి. రెండోది, ఆయుధం పట్టిన తీవ్రవాది. కింద ఒక వాక్యం కూడా చేర్చాడు, ఏ అర్థమో సందర్భాన్ని బట్టి వినేవారే నిర్ణయించుకోవాలని. సంతకం పెట్టి, "మీరు చాలా మిలిటెంట్ మనిషండీ" అన్నాడు నాతో. ఏ అర్థంలో సార్ అని అడిగాను. కళ్ళద్దాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నీకు ఇది చాలదని నాకు తెలుసు. నా చేతిలో ఉన్నది ఇంతే.

మీ అన్న ఆఫీసు పని మీద వేరే ఊరు అని చెప్పి సరిగ్గా నీ విచారణ రోజుకు ప్రయాణం పెట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా ఇప్పటినుంచే తీసి పెట్టుకున్నాడు. ఎక్కడికో నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఆయన మీద అరవాలనిపిస్తే అరువు. కానీ పెట్టి పంపు, దారిలో ఏమీ తినడు.

మీ వదిన


నా గది, మేడ మీద

వదినకు,

గారు తీసేశాను. కుదురుగా కూర్చుని చదువు, అన్నయ్య నీకు ఏమీ చెప్పి ఉండడని నాకు తెలుసు.

విచారణ ఆసుపత్రి మీటింగు గదిలో. పొడుగు బల్ల, అద్దం గ్లాసులు. విచారణ చేసేది ఒక రిటైరైన జడ్జి, చెవికి మిషన్ పెట్టుకునే ముసలాయన. ఆయన పక్కన ఒక డాక్టరమ్మ. ఎదురుగా టై గారు. అన్నయ్య నాకంటే ముందే వచ్చి గోడవారగా కుర్చీలో కూర్చున్నాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని. నన్ను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. నెత్తిన జుట్టు బాగా పలచబడింది వదినా. నువ్వు ఎప్పుడూ రాయలేదు.

మొదలవడానికి ముందు పొట్టక్క వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. అన్నయ్య దాహంగా ఉందన్నట్టు గ్లాసు వైపు చూశాడేమో, ఆమె వెళ్ళి జగ్గు ఎత్తింది. ఎడమచేత్తో ఎత్తి, అలవాటు కొద్దీ కుడిచెయ్యి కింద పట్టబోయింది. అది పట్టుకోదు కదా. నీళ్ళు అన్నయ్య మోకాళ్ళ మీద ఒలికాయి. "క్షమించండి బాబూ, ఇది ఇంకా మాట వినడం లేదు" అంది, చెయ్యి చూపించి. తర్వాత, "మీరు మా బుల్లి అన్నయ్యా? ఆమె పరిగెత్తకపోతే మోచేయి దాకా పోయేది" అంది. అంతే. వెళ్ళి వెనక నిలబడింది. అన్నయ్య తడిసిన సంచిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

జడ్జి గారు నన్ను అడిగారు, స్విచ్ ఆపావా అని. ఆపానన్నాను. దానివల్ల ఆపరేషన్లు ఆగాయి, రోగులు ఇబ్బంది పడ్డారు, తెలుసా అన్నారు. తెలుసు, దానికి బాధగా ఉందన్నాను. మళ్ళీ అలాంటిదే జరిగితే ఏం చేస్తావన్నారు. నాకు నీ గిన్నె గుర్తొచ్చింది, ఎందుకో. "మళ్ళీ ఆపుతానండి" అన్నాను. టై గారు వెంటనే, ఇదే మిలిటెంట్ ధోరణి అని మీ పెద్దాయన జవాబు తీసి ఆయన ముందు పెట్టాడు. జడ్జి గారు గట్టిగా చదివారు. మొదటి అర్థం చదివి నా వైపు చూశారు. రెండోది చదివి మళ్ళీ చూశారు. "మరి ఇందులో నువ్వు ఎవరివమ్మా?" అన్నారు.

వారం రోజులు నేర్చుకున్న జవాబు ఒక్క ముక్క నోటికి రాలేదు.  టై గారు నవ్వుతూ అన్నయ్య వైపు తిరిగి, వీళ్ళ అన్నయ్య గారు హామీ ఇవ్వడానికి వచ్చారని చెప్పాడు.

అన్నయ్య లేచాడు. ప్యాంటు తడిగా ఉంది. గొంతు సవరించుకున్నాడు, అదే దగ్గు. అయిపోయింది అనుకున్నాను.

"మా చెల్లెలు మిలిటెంటేనండి" అన్నాడు.

జడ్జి గారు చెవి మిషన్ సరిచేసుకున్నారు. టై గారి నవ్వు సగంలో ఆగింది. "మీరు ఫోన్లో చెప్పింది వేరు కదండీ" అన్నాడు.

"ఫోన్లో నాకు ఆ చెయ్యి కనపడలేదండి."

జడ్జి గారు ఆయన్ను ముందుకు రమ్మని, ఆ మాటకు అర్థం తెలిసే అంటున్నారా అని అడిగారు. అన్నయ్య ఏమన్నాడో తెలుసా వదినా? "మా ఆవిడ నిఘంటువులో పనిచేస్తుందండి. అర్థం నాకు ఇంట్లో రోజూ తెలుస్తూనే ఉంటుంది" అన్నాడు. హాస్యానికి కాదు, మామూలుగా ఆఫీసులో ఫైలు సంగతి చెప్పినట్టే చెప్పాడు. డాక్టరమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

తర్వాత చెప్పినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. "నేను చావులు నమోదు చేసే గుమాస్తానండి. కారణం రాయడానికి ఇంతే చోటు ఉంటుంది. అందులో ఎవరో కడ్డీ కట్టేశారని రాయడానికి కుదరదు. ప్రమాదం అని రాసి ఊరుకుంటాం. ఎన్ని రాశానో. స్విచ్ ఆపే మనిషి ఒకరుంటే వాటిలో కొన్ని నా దాకా వచ్చేవి కావు. మా చెల్లెలు ఆపింది. క్షమాపణ చెబుదామనే వచ్చాను, ఎవరికి చెప్పాలో నాకు తెలియడం లేదు." ఇంత చెప్పి, పొట్టక్క వైపు తిరిగి చేతులు జోడించి, వెళ్ళి కూర్చున్నాడు. అంతసేపు మాట్లాడినందుకు ఆయనకే ఆయాసం వచ్చింది.

జడ్జి గారు మెషిన్ చూపించమన్నారు. అందరం కిందికి దిగాం. సూపర్‌వైజరు మాకంటే ముందు పరిగెత్తాడు కానీ, రెండు ముళ్ళు వేసినవాడికి ఆ తొందరలో ఒక్కటీ ఊడలేదు. మేము వెళ్ళేసరికి పళ్ళతో లాగుతున్నాడు.

ఆర్డరు నిన్న చేతికి వచ్చింది. కొత్త కడ్డీ పెట్టేదాకా రోలర్ నడపకూడదు. పొట్టక్కకు వైద్యం ఆసుపత్రిదే, కుట్టుగదిలో కూర్చునే పని, తప్పు ఆమెది కాదని రాతపూర్వకంగా. నన్ను మళ్ళీ తీసుకున్నారు, కానీ రోలర్ దగ్గరికి కాదు, మడతల హాలుకు. ఆపరేషన్లు ఆగినందుకు నా పేరు మీద ఒక హెచ్చరిక. అది నాకు న్యాయంగానే అనిపించింది, సంతకం పెట్టాను. టై గారికి ఏమీ కాలేదు, టై రంగు మార్చాడు. సూపర్‌వైజరు ఇప్పుడు నన్ను మేడమ్ అంటున్నాడు, అది తిట్టో పొగడ్తో నువ్వే తేల్చాలి. యూనియన్ పెద్ద మాత్రం ఇది తన విజయమని పోస్టర్ వేయించాడు. అందులో నా మొహం మసిబొగ్గులా వచ్చింది, ఆయనది చక్కగా వచ్చింది.

ఆ రోజు బయటికి వచ్చాక అన్నయ్య "నీ గది ఎక్కడ?" అన్నాడు. మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, గది మొత్తం ఒకసారి చూసి మంచం మీద కూర్చున్నాడు. ఏమైనా తింటావా అంటే తల ఊపాడు, నేను వండేలోపు బట్టలు విప్పి నా దుప్పటి చుట్టుకుని నిద్రపోయాడు. నా మంచానికి కాళ్ళవైపు ఇనప ఊచలు ఉన్నాయి. వాటిలోంచి అన్నయ్య పాదాలు బయటికి వచ్చి గాలిలో వేలాడుతున్నాయి. నేను ఆయన ప్యాంటు ఆరబెట్టి, చొక్కా ఉతికి, ఇస్త్రీ చేశాను. ఇన్నేళ్ళు ఊరందరివీ ఉతికాను వదినా, మా వాళ్ళ గుడ్డ ఒక్కటి ఉతకడం అదే మొదలు.

లేచాక చొక్కా తొడుక్కుని, కాలరు తడిమి చూసుకుని, "బాగా చేశావు" అన్నాడు. చొక్కా సంగతేనేమో. 

బస్సు ఎక్కేముందు అన్నాడు, "తిడదామనే వచ్చానే" అని. తెలుసన్నాను.

నిన్ను గోడ మీద పిల్లి అన్నందుకు బాధపడకు. ఆ జడ్జి గారు రెండు అర్థాలూ చదవకపోతే అన్నయ్య లేచి ఆ మాట అనేవాడు కాదేమో.

నీ బుల్లి


ఇంటి నుంచి

బుల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నాలుగోసారి ఆయనకు చదివి వినిపించాను. వింటున్నంతసేపూ గోడ గడియారం వైపు చూశాడు. 'ఇంట్లో రోజూ తెలుస్తూనే ఉంటుంది' అన్న చోట మాత్రం లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. ఆ సంగతి ఆయనతో తీరిగ్గా తేల్చుకుంటాను.

నువ్వు అన్నట్టే ఇంటికి వచ్చి విచారణ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పని అయిందా అంటే అయిందన్నాడు. అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉండి, "దానికి మంచం పొట్టి" అన్నాడు. నేను అర్థం కాక చూస్తే, "ఇన్నేళ్ళు కాళ్ళు ముడుచుకుని పడుకుంటోంది" అని చెప్పి, తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టాడు. ఆ ఆఫీసులో ఆయన సెలవు పెట్టడం చూసి ఎవరో పోయారనుకుని పరామర్శకు వచ్చారు. వడ్రంగి దగ్గర నాలుగు రోజులు కూర్చుని చేయించాడు, మధ్యలో రెండుసార్లు పోట్లాడి చెక్క మార్పించాడు. మీ అన్న పోట్లాడాడు అని నేను చెబితే మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు.

మంచం ఈ రోజు లారీ ఎక్కింది. ఎల్లుండికి నీ దగ్గరికి వస్తుంది. అంత పొడుగు మంచం ఆ మేడ మెట్ల మీద తిరుగుతుందా, నీ గది తలుపులో పడుతుందా, ముందు కనుక్కోమని చెప్పి చూశాను. వినలేదు. పట్టకపోతే తనే వచ్చి ఇంటి ఓనరుతో మాట్లాడి ఆ గోడ కొట్టిస్తాడట.

మీ వదిన